సదరు చప్పుడు

చింతరేవుల ప్రభుత్వ విత్తన క్షేత్రంలో నిజంగా పని చేసేవి రెండే రెండు ప్రాణాలు. ఒకటి పెద్దామె, రెండోది మెకానిక్ దస్తగిరి. తక్కిన ముప్పై ఆరు మందీ ఉద్యోగులు.

పెద్దామె అంటే ట్రాక్టరు. ఎప్పుడో ఓడెక్కి మద్రాసు రేవులో దిగి, అక్కణ్ణుంచి రైల్లో వచ్చి, చివరి ఇరవై మైళ్ళూ తన చక్రాల మీద తానే నడిచి ఈ నల్లరేగడిలో అడుగుపెట్టింది. దాని ఈడు ట్రాక్టర్లన్నీ ఏనాడో ఇనప సామాను కొట్లకు చేరిపోయాయి. ఇది మాత్రం రోజూ పొద్దున్నే దస్తగిరి హ్యాండిల్ తిప్పగానే రెండుసార్లు దగ్గి, మూడోసారికి అందుకుని, పొలంలోకి వెళ్ళిపోయేది. దస్తగిరి పంతొమ్మిదో ఏట పనిలో చేరాడు. ముప్పై ఎనిమిదేళ్ళుగా తాత్కాలిక ఉద్యోగిగా స్థిరపడి ఉన్నాడు.

ఈ కథ మాత్రం ఆ ముప్పై ఆరు మందిలో ఒకరైన సహాయ ఇంజనీరు పరాంకుశం గారిది. ఆయన మెకానికల్ ఇంజనీరింగు చదివారు, ఫస్టు క్లాసు. ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఆయన చేతికి గ్రీజు అంటింది ఒక్కసారే, అది కూడా గేటు గొళ్ళెం తీయబోయి. ఆయన ఘనత అంతా ముసాయిదాలు రాయడంలో ఉంది. ఎంత చిన్న విషయాన్నైనా పన్నెండు పేరాలకు తగ్గకుండా రాయగలరు. తన కలంలో ఏదో మహత్తు ఉందని ఆయన గట్టి నమ్మకం. ఉన్న మాట నిజమే. అది ఎలాంటిదో మాత్రం ఆయనకు నలభై తొమ్మిదో ఏట గాని తెలిసిరాలేదు.

ఆ ఏడు పై ఆఫీసులకు వారసత్వం మీద ఎక్కడలేని ప్రేమ పుట్టింది. యాభై ఏళ్ళు దాటిన ప్రతి వ్యవసాయ యంత్రమూ ఇకమీదట వారసత్వ సంపద అని ఉత్తర్వు వచ్చింది. యాభై దాటిన ఉద్యోగులు కొందరు కాస్త ఆశపడ్డారు గాని, ఉత్తర్వు యంత్రాలకే పరిమితమని వివరణ కూడా వెంటనే వచ్చేసింది. వాటిని ఎలా కాపాడాలో మార్గదర్శకాలు రాసి పంపమని జిల్లా సంయుక్త సంచాలకులు మార్తాండరావు గారు పరాంకుశం గారిని కోరారు. ఇంత పెద్ద పని తన దగ్గరికి వచ్చినందుకు పరాంకుశం గారు పొంగిపోయి, మూడు రోజులు సెలవు పెట్టి మరీ ఇంట్లో కూర్చుని రాశారు.

ఆ నియమాలు చాలా ఉన్నాయి గాని, మనకు కావలసినవి నాలుగు. రెండోది: యంత్రంలోని ప్రతి భాగానికీ నంబరు వేసిన అల్యూమినియం బిళ్ళ కట్టవలెను. మూడోది: యంత్రంలో ఏదైనా శబ్దం వచ్చినచో, అది ఏ శబ్దమో నిర్ధారణ అయ్యేవరకు ఏ భాగమునూ విప్పరాదు. నాలుగోది: బిళ్ళ కట్టుటకు మాత్రమే బానెట్ తెరవవచ్చును, ఆ సమయమున లోపలికి చూడరాదు. ఏడోది: తనిఖీ జరిగిన ప్రతిసారీ, తనిఖీ జరిగినట్లు ఇంకొక బిళ్ళ కట్టవలెను.

నాలుగో నియమం ఎందుకు రాశారో పరాంకుశం గారికి తర్వాత ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. రెండో పేజీ అడుగున నాలుగు గీతల చోటు మిగిలిందన్నది మాత్రం గుర్తుంది.

నియమాలు రాజధాని దాకా వెళ్ళి, ఒక్క కామా కూడా మారకుండా ఉత్తర్వులై తిరిగి వచ్చాయి. మార్తాండరావు గారు ప్రశంసాపత్రం ఇచ్చారు. పరాంకుశం గారు దానికి అద్దం కట్టించి హాల్లో తగిలించుకున్నారు. పెద్దామెకు రెండు వందల పద్నాలుగు బిళ్ళలు పడ్డాయి. అరచేతంత బిళ్ళలు, ఒక్కోదాని మీదా నంబరు, కింద పరాంకుశం గారి పొడి అక్షరాలు. బైండింగు వైరుతో వాటిని కట్టించి, బానెట్ మూయించి, సీనియర్ అసిస్టెంటు సుందరవల్లి గారి చేత లక్క సీలు వేయించారు. పండగ పూట కోడలికి నగలన్నీ పెట్టి చూసుకునే అత్తగారిలా ట్రాక్టరు చుట్టూ రెండుసార్లు తిరిగారు కూడా.

మర్నాడు ట్రయల్. క్షేత్రం వజ్రోత్సవానికి ఇంకా నలభై రోజులుంది. ఆ రోజున పెద్దామె ముఖ్య అతిథి ముందు ఊరేగాలి. దస్తగిరి హ్యాండిల్ తిప్పాడు. పెద్దామె రెండుసార్లు దగ్గింది, మూడోసారికి అందుకుంది. ఆపైన, ఇంతకు ముందెన్నడూ లేని విధంగా, టక టక టక టక అని మొదలెట్టింది.

దస్తగిరి చప్పున ఆపేశాడు. మళ్ళీ నడిపాడు. పొడుగాటి స్క్రూడ్రైవరు తీసి, మొన ఇంజనుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్ళు మూసుకున్నాడు. బానెట్ కింద అందినచోటల్లా అలా విన్నాడు.

"పిస్టన్ గాదు, టాపెట్ గాదు. బేరింగు అసలే గాదు. కడుపులో ఏమీ ల్యా సార్. మొగం దిక్కున్నే ఉంది. ఏందో తగుల్తాంది," అన్నాడు లేచి. "ఫ్యాను బెల్టు తీసి ఒక్క నిమిసం నడిపిస్తే తేలిపోతాది. బెల్టు తీసినాక చప్పుడు పోయిందంటే, ఫ్యాను కాడ్నే ఉన్నట్ల."

"బెల్టు తీయడానికి లేదు దస్తగిరీ," అన్నారు పరాంకుశం గారు. "చప్పుడేమిటో తేలేదాకా ఏదీ విప్పకూడదు."

"ఇప్పితేనే గద సార్ తేలేది?"

"తేలితేనే విప్పేది. మూడో నియమం."

"ఎవురు రాసినారు సార్ దాన్ని?"

"నేనే."

దస్తగిరి ముఖం విప్పారింది. "అట్లయితే మీరే కొట్టేయండి సార్. ఇంగేముంది!"

పరాంకుశం గారు జాలిగా నవ్వారు. ఈ అమాయకుడికి ప్రభుత్వమంటే ఏమిటో ఎలా చెప్పడం? "రాసేటప్పుడు నాదే. ఉత్తర్వు అయ్యాక నాది కాదు. ఇప్పుడు దానికి నేను కూడా లోబడి ఉండాలి," అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయనకు కొంచెం గర్వంగా కూడా అనిపించింది. తర్వాత ఆ గర్వాన్ని తలుచుకున్నప్పుడల్లా ఆయన చెవులు వేడెక్కేవి.

నాలుగో రోజున మార్తాండరావు గారు వచ్చారు. షెడ్డులో కుర్చీ వేయించుకుని, ట్రాక్టరు నడిపించి, పావుగంట సేపు చేతులు కట్టుకుని విన్నారు.

"ఇది ప్రాథమికంగా శబ్దంగానే తోచుచున్నది," అన్నారు. ఆయన మామూలుగా మాట్లాడినా లేఖలాగే ఉంటుంది. "అయితే తొందరపాటు తగదు. విషయ తీవ్రత దృష్ట్యా ధ్వని నిర్ధారణ సంఘమును నియమించడమైనది. అధ్యక్షులం మేము. కన్వీనరు మీరు."

సంఘంలో ఇంకో ఇద్దరున్నారు. ఒకరు జిల్లా ఆసుపత్రి చెవి డాక్టరు. సభ్యుల చెవులు ప్రభుత్వ ప్రమాణాలకు తగ్గట్టు ఉన్నాయని ముందుగా ధ్రువీకరించాలి కదా. ఆయన పరీక్ష చేసి, అధ్యక్షుల వారి ఎడమ చెవి కొంచెం మందమని రాశారు. అప్పటినుంచీ మార్తాండరావు గారి కుర్చీని ట్రాక్టరు వైపు కుడి చెవి ఉండేలా అడ్డంగా వేసేవారు. రెండో ఆయన సంగీత కళాశాల మృదంగం లెక్చరరు. ఆయన మొదటి తనిఖీలోనే తొడ మీద తాళం వేసి, చప్పుడు మూడు దెబ్బల తిశ్ర నడకలో ఉందని తేల్చారు. అంతవరకూ ఎవరూ ఏమీ తేల్చలేదు గనక, ఆ మాట వెంటనే రికార్డుల్లోకి ఎక్కింది.

శబ్ద నిర్ధారణ పత్రాన్ని పరాంకుశం గారే తయారు చేశారు. వేరే దరఖాస్తు ఎదురుగా పెట్టుకుని రాయడం వల్ల రెండో గడిలో తండ్రి పేరు కూడా పడింది. శబ్దానికి తండ్రి ఎవరో తెలియదు గనక తొమ్మిది తనిఖీల్లోనూ ఆ గడిలో 'విచారణలో ఉన్నది' అని నింపారు.

తనిఖీ ముగిసిన ప్రతిసారీ సుందరవల్లి గారు ముందుకు వచ్చేవారు. సీలు పగలగొట్టి, బానెట్ ఎత్తి, నాలుగో నియమం ప్రకారం ముఖం పక్కకు తిప్పుకుని, కొత్త బిళ్ళ కట్టేవారు. చప్పుడు ముందువైపు నుంచి వస్తోందని తేలింది గనక, ఎప్పుడూ రేడియేటర్ మీది గొట్టానికే కట్టేవారు. తర్వాత బానెట్ మూసి, కొవ్వొత్తి వెలిగించి, లక్క కరిగించి సీలు వేసేవారు. ఈ పనిలో దస్తగిరి దగ్గరికి రావడానికి లేదు. అతనికి చూసే అలవాటు ఉందని అందరికీ తెలుసు.

చప్పుడు తగ్గలేదు. మూడో తనిఖీకి టకటకల మధ్య ఇంకో టక్కు చేరింది. ఐదో తనిఖీలో మృదంగం లెక్చరరు కళ్ళు పెద్దవి చేసి, నడక ఐదు దెబ్బల ఖండానికి మారిందన్నారు. ఎనిమిదో తనిఖీకి తాళం వేయడం మానేసి రెండు చెవులూ మూసుకున్నారు. షెడ్డులో స్టీలు గిన్నెల కొట్టు కూలినట్టుంది. కుడి చెవి ధ్రువీకరణ పొంది ఉన్నందువల్ల మార్తాండరావు గారు మాత్రం నిబ్బరంగా కూర్చుని విన్నారు.

"తనిఖీలు జరుగుచున్న కొలదీ శబ్దము పెరుగుచున్నది," అన్నారాయన. "అనగా తనిఖీలు ఇంకను ముమ్మరం చేయవలసిన అవసరం కనబడుచున్నది. ఇంతటి శబ్దము తనంతట తాను రాదు. దీనికి బాధ్యుడు ఉండును. సదరు ట్రాక్టరును చివరిసారిగా విప్పి బిగించినది ఎవరు?"

అది దస్తగిరి. ఇంకెవరు విప్పుతారు? తక్కినవాళ్ళకు విప్పడం వస్తే కదా.

శుక్రవారం నాడు దస్తగిరికి నోటీసు ఇచ్చారు. నీ నిర్లక్ష్యం మూలంగా వారసత్వ యంత్రం చెడిపోయినందున, నిన్ను పనిలోంచి ఎందుకు తొలగించకూడదో సోమవారం సంఘం ముందు చెప్పుకోవలసిందని దాని సారాంశం. కన్వీనరుగా దాని కింద సంతకం పరాంకుశం గారిదే.

ఆ మధ్యాహ్నం గేటుకెదురుగా ఉన్న టీ బంకు దగ్గర దస్తగిరి ఆయన్ని పట్టుకున్నాడు. కోపంగా వస్తాడనుకున్నారు పరాంకుశం గారు. కోపం లేదు. కాగితం నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఎప్పటిలాగే రెండు టీలు చెప్పాడు.

"సార్, పని పోతే పోనీండి. యాడో ఒక షెడ్డులో చేసుకుంటా. నా సేతుల్లో ఇంగా సత్తువుంది. కానీ నా సేతుల్లో పెద్దామె చెడిపాయనని కాయితం మింద రాయొద్దు సార్. మా ఇంట్లో ఎవురికన్నా జొరమొస్తే, ఎవురికని అడిగి తెలుసుకుంటా. దీనికి ఒంట్లో బాగలేకుంటే షెడ్డు బయట నిలబడుకున్నా నాకు తెలుస్తాది. అట్లాటిది, నేనే చెడగొట్టినానని రాస్తే, ఈ ముప్పై ఎనిమిదేండ్లు నేనేం జేసినట్ల?"

పన్నెండు పేరాలు రాయగల మనిషికి ఒక్క వాక్యం దొరకలేదు.

"నన్ను దగ్గరికి రానీరు. మీరన్నా ఒక్కతూరి లోపల సూడండి సార్."

"చూడకూడదు దస్తగిరీ. నాలుగో..." అని ఆగిపోయారు. దస్తగిరి తల వంచుకుని టీ తాగుతున్నాడు. సిగ్గేసింది పరాంకుశం గారికి. నిజంగా సిగ్గేసింది. కాని ఆ సిగ్గును కూడా ఆఫీసు పనివేళలయ్యాక చూసుకుందామని వాయిదా వేసి, వెళ్ళి తొమ్మిదో తనిఖీ కాగితాలు సిద్ధం చేసుకున్నారు.

తొమ్మిదో తనిఖీ శనివారం జరిగింది. అది ముగిశాక చూస్తే సుందరవల్లి గారు లేరు. అంతకు ముందు సీలు వేసినప్పుడు కరిగిన లక్క బొటనవేలి మీద పడి, కట్టు కట్టించుకోవడానికి ఆసుపత్రికి వెళ్ళారు. ఆవిడ లేకపోతే బిళ్ళ కట్టవలసింది కన్వీనరు. అందరూ వెళ్ళిపోయాక పరాంకుశం గారు సీలు తీసి, బానెట్ ఎత్తి, నియమం ప్రకారం ముఖం పక్కకు తిప్పుకుని, చేతిని లోపలికి పోనిచ్చారు. అలవాటు లేని చెయ్యి. గొట్టం ఎక్కడుందో తెలియదు. తడుముతుంటే వేలికి ఏదో చురుక్కున గీసుకుంది.

చూడకూడదని రాశారు గాని, నెత్తురొస్తే ఏం చేయాలో రాయలేదు. చూశారు.

గొట్టానికి తొమ్మిది బిళ్ళలు వేలాడుతున్నాయి. మొదటిది నంబరు బిళ్ళ, తక్కిన ఎనిమిదీ తనిఖీలవి. వాటి వెనకే, బెత్తెడు దూరంలో ఫ్యాను రెక్కలు. ఇంజను ఆగి ఉన్నప్పుడు బిళ్ళలు బుద్ధిగా కిందికి వేలాడుతున్నాయి. నడిచినప్పుడు ఫ్యాను గాలిని తన వైపు లాక్కుంటుంది. గాలితో పాటు బిళ్ళల్నీ లాక్కుంటుంది. తొమ్మిది బిళ్ళల అంచులూ ఎలుక కొరికిన అప్పడాల్లా ఉన్నాయి. రెక్కల మీద తెల్లగా అల్యూమినియం గీతలు. అన్నిటికన్నా ఎక్కువ దెబ్బలు తిన్నది మొదటి బిళ్ళ. దాని మీద పరాంకుశం గారి పొడి అక్షరాలు సగం ఎగిరిపోయాయి.

నలభై రోజుల్లో ముప్పై గడిచిపోయాయి. ఒక సంఘం, ఇద్దరు నిపుణులు, తొమ్మిది తనిఖీలు, ఒకరి బొటనవేలు, ఒకరి ఉద్యోగం. ఇదంతా ఆయన చేతి రాత. చప్పుడు ఎక్కడుందో వెతికిన ప్రతిసారీ చప్పుడుకు ఇంకో బిళ్ళ వేసి పోషించారు. దస్తగిరి మొదటి రోజే ఒక్క నిమిషం అడిగాడు.

ఆ తర్వాత పరాంకుశం గారు చేసిన పని చెప్పుకోవడానికి బాగుండదు గాని, చెప్పక తప్పదు. ఆయన తొమ్మిదో తనిఖీ బిళ్ళను కూడా ఆ గొట్టానికే కట్టి, బానెట్ మూసి, సీలు వేసి ఇంటికి వెళ్ళారు. ఇరవై రెండేళ్ళ అలవాటు. చేతులు వాటంతట అవే కట్టేశాయి.

ఆదివారమంతా హాల్లో కుర్చీలో కూర్చున్నారు. నోరు మూసుకుంటే ఏమీ కాదు. దస్తగిరి పోతాడు, చప్పుడు మిగులుతుంది, పదో తనిఖీ జరుగుతుంది. నోరు విప్పితే రాష్ట్రమంతటా యాభై దాటిన యంత్రాలన్నిటి నడుముల్లో తన బిళ్ళలే ఉన్నాయన్న సంగతి బయటపడుతుంది. ప్రశంసాపత్రం ఎదురుగా గోడ మీద ఉంది. 'మీ కృషి మూలంగా' అని మొదలవుతుంది అది. అంతకు మించి ఆయనకు చదవబుద్ధి కాలేదు. దాన్ని దించి గోడ వైపుకు తిప్పి పెట్టారు.

సోమవారం సంఘం షెడ్డులోనే కూర్చుంది. దస్తగిరి ఇస్త్రీ చొక్కా వేసుకుని స్తంభం పక్కన నిలబడ్డాడు. మార్తాండరావు గారు తుది నిర్ణయం చదవడం మొదలుపెట్టారు.

"సదరు శబ్దము యొక్క ఉనికి, పెరుగుదల, నడక తదితర అంశములను కూలంకషముగా ఆలకించిన మీదట..."

"సార్," అని లేచారు పరాంకుశం గారు. "ఆ చప్పుడు నాది."

మార్తాండరావు గారు కాగితం దించారు.

"మనం కట్టిన బిళ్ళలు ఫ్యానుకు తగులుతున్నాయి. అంతే సార్. ఇంజనులో ఏ దోషమూ లేదు. దస్తగిరి తప్పు గోరంత కూడా లేదు. బిళ్ళలు కట్టాలని రాసింది నేను, మొదటి బిళ్ళ కట్టించింది నేను."

"కన్వీనరు గారూ," అన్నారు మార్తాండరావు గారు ఓపికగా, "బిళ్ళ అనునది నమోదు చేయు సాధనము. అదియే శబ్దమునకు కారణమనుట, హాజరు పట్టీ మూలమున ఉద్యోగులు రావడం లేదన్నట్లున్నది. అయినను, ఈ సమాచారం మీకెట్లు లభించినది?"

"చూశాను సార్."

డాక్టరు గారు దగ్గారు. సుందరవల్లి గారు కట్టు కట్టిన బొటనవేలు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"చూశారా!" అన్నారు మార్తాండరావు గారు. "ఇది వినుటకు నియమింపబడిన సంఘము. మీరు రాసిన నియమమును మీరే..."

పరాంకుశం గారు ఇక వినలేదు. ట్రాక్టరు దగ్గరికి వెళ్ళి సీలు చేత్తోనే పెరికేశారు. బానెట్ ఎత్తి, వెనక్కి చెయ్యి చాచారు. అడక్కుండానే దస్తగిరి ఆ చేతిలో కటింగ్ ప్లేయరు పెట్టాడు. వైర్లు తెంపడం కూడా ఆయనకు సరిగా రాలేదు. రెండు తెంపేసరికి చెమటలు పట్టాయి. చివరికి పది బిళ్ళలూ నేల మీద పడ్డాయి.

"తిప్పు దస్తగిరీ," అన్నారు.

పెద్దామె రెండుసార్లు దగ్గింది. మూడోసారికి అందుకుంది. అంతే. తర్వాత నెమ్మదిగా, నిండుగా, ఒకే తీరుగా నడిచింది. దస్తగిరి స్క్రూడ్రైవరు తీయలేదు. బానెట్ దించి, దాని మీద అరచెయ్యి ఆనించి విన్నాడు. తర్వాత ఇస్త్రీ చొక్కా చేతితో కళ్ళు తుడుచుకున్నాడు. ఇంజనీరింగు చదివినందుకు పరాంకుశం గారు సంతోషించడం అదే మొదలు.

"చప్పుడు ఏదీ?" అన్నారు మార్తాండరావు గారు.

"పోయింది సార్!"

"ఎక్కడికి?"

పరాంకుశం గారు తెల్లబోయారు. మార్తాండరావు గారు సంచిలోంచి ఒక ఆహ్వాన పత్రిక తీసి ఆయన చేతిలో పెట్టారు. శబ్దం ఫైలు తాము రాజధానికి తీసుకువెళ్ళగా అక్కడ అందరూ ముచ్చట పడ్డారని, పోయిన వారమే దాన్ని వారసత్వ ధ్వనిగా నమోదు చేశారని, రాష్ట్రంలో అదే ఒకటో నంబరని చెప్పారు. వజ్రోత్సవం కార్యక్రమంలో రెండో అంశం: 'పురాతన ట్రాక్టరు యొక్క ప్రాచీన ధ్వని వినిపింపబడును.'

"కాని సార్, ఇప్పుడే కదా దాన్ని దస్తగిరి నిర్లక్ష్యం అన్నారు?"

"నిర్లక్ష్యము వలన పుట్టినను ప్రభుత్వ ఆస్తి ప్రభుత్వ ఆస్తియే. మూడు నిమిషముల క్రితం వరకు సదరు శబ్దము భద్రముగా ఉన్నది. మేమందరం విన్నాం. ఇప్పుడు లేదు. శబ్దమే లేనప్పుడు దానికి కారకుడు ఉండుటకు వీలులేదు గనుక, మెకానిక్‌పై నోటీసు ఉపసంహరించడమైనది. ఇక తేలవలసినది శబ్దము ఎవరి చేతిలో పోయినదన్న విషయము."

అది అక్కడికక్కడే తేలిపోయింది. పరాంకుశం గారి చేతిలో ఇంకా ప్లేయరు ఉంది.

సాయంత్రానికల్లా మెమో వచ్చింది. వజ్రోత్సవం నాటికి చప్పుడును తిరిగి సమకూర్చనిచో యంత్రానికి బిళ్ళలన్నీ యథాస్థానంలో కట్టించబడునని, కన్వీనరుపై చర్య తీసుకొనబడునని అందులో ఉంది. ఆయన అది చదువుకుంటూ కూర్చుంటే దస్తగిరి గది గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. ఇన్నేళ్ళలో అతను ఆఫీసు గదికి రావడం అదే మొదటిసారి.

"సార్, నా కోసరం మీరెందుకు చిక్కుల్లో పడల్ల? ఒక్క బిళ్ళ కట్టేద్దాం. ఆ ఒక్క దినం టకటకమంటాది. మీ ఉద్యోగం నిలబడ్తాది."

"కడితే ఏమవుతుంది?"

"ఆ పూటకు ఏం గాదు. కానీ వాళ్ళు తీయనిస్తారా సార్, మళ్ళా? ఎప్పుడో ఒకనాడు రెక్క ఇరుగుతాది. ఇరిగి పోయి రేడియేటర్లో దిగబడ్తాది." అంతలోనే, "పోనీలే సార్. పెద్దామె తట్టుకుంటాది," అన్నాడు. అతను అబద్ధమాడటం పరాంకుశం గారు అంతకు ముందు చూడలేదు. రెక్క విరిగిన రోజున నోటీసు మళ్ళీ ఎవరి పేరున వస్తుందో ఇద్దరికీ తెలుసు.

"వద్దు," అన్నారు పరాంకుశం గారు.

మెమోకు జవాబు రాయడానికి కూర్చున్నారు. పన్నెండు పేరాలు రాలేదు. ఇరవై రెండేళ్ళుగా 'ఈ కార్యాలయము', 'దిగువ సంతకందారు' అని రాసిన చేత్తో మొదటిసారి 'నేను' అని రాశారు. 'ఆ చప్పుడు నేను చేసింది. దానికి పూర్తి బాధ్యత నాదే. ట్రాక్టరుకూ దానికీ సంబంధం లేదు.' అంతే రాసి పంపించారు. ఉద్యోగం పోతుందనే అనుకున్నారు. పోతే దస్తగిరి షెడ్డులో స్పానర్లు అందిస్తూ కొత్తగా పని నేర్చుకోవాలని కూడా అనుకున్నారు.

మూడో రోజున ఉత్తర్వు వచ్చింది. 'సదరు చప్పుడును తామే చేసినట్లును, ట్రాక్టరునకు సంబంధము లేనట్లును మీరు లిఖితపూర్వకముగా అంగీకరించియున్నారు. కావున శబ్దము పోలేదనియు, అది మీ వద్దనే ఉన్నదనియు ఇందుమూలముగా నమోదు చేయడమైనది. వజ్రోత్సవమునాడు మీరు సదరు ట్రాక్టరుపై ఆసీనులై సదరు చప్పుడును స్వయముగా వినిపించవలెను. బిళ్ళలు తిరిగి కట్టించు ప్రతిపాదన అంతవరకు నిలిపివేయడమైనది.'

పరాంకుశం గారు దాన్ని రెండుసార్లు చదివారు. తప్పు పట్టడానికి ఒక్క అక్షరం లేదు. తాను రాసినా ఇలాగే రాసేవారు.

వజ్రోత్సవం రోజు పొద్దున పది గంటలకు పందిరి నిండా జనం. ముందు వరసలో ముఖ్య అతిథి, ఆయన పక్కన కుడి చెవి పొలం వైపు పెట్టి మార్తాండరావు గారు. పెద్దామెకు బంతిపూల దండలు వేశారు. దస్తగిరి సీట్లో కూర్చున్నాడు. పరాంకుశం గారు కొత్త పంచె కట్టుకుని, చేత్తో మైకు పట్టుకుని మడ్గార్డు మీద కూర్చున్నారు. ఇంట్లో నాలుగు రోజులు సాధన చేశారు. నాలుకను అంగిటికి కొట్టి వదిలితే దగ్గర దగ్గరగా అదే వస్తోందని మృదంగం లెక్చరరు స్వయంగా వచ్చి విని ధ్రువీకరించారు.

మార్తాండరావు గారు చేతిరుమాలు ఊపారు. పెద్దామె దగ్గి, అందుకుని, చల్లగా కదిలింది. పరాంకుశం గారు ఒక్కసారి కళ్ళు మూసుకున్నారు. ఫస్టు క్లాసు గుర్తొచ్చింది. ఇరవై రెండేళ్ళ సర్వీసు గుర్తొచ్చింది. పక్కనే దస్తగిరి రెండు చేతులూ స్టీరింగు మీద భద్రంగా ఉన్నాయి. నోరు తెరిచి మైకులో మొదలుపెట్టారు.

"టక టక టక టక..."

పందిరంతా చప్పట్లు. ముఖ్య అతిథి పరవశంగా తల ఊపి, "ఈ కాలపు యంత్రాల్లో ఈ నాదం ఎక్కడిది?" అన్నారు. మార్తాండరావు గారి కుడి చెవి తృప్తిగా ఎర్రబడింది. చప్పుడు కార్యక్రమంలో ఉన్న ప్రకారం, ఉన్న సమయానికి, ఏ లోపమూ లేకుండా పందిరి ముందు నుంచి సాగిపోయింది.

దస్తగిరి తల తిప్పకుండా, పెదవి కదిలీ కదలకుండా అన్నాడు:

"సార్, రెండో గేరు ఏసినా. మీరు గూడా కొంచెం పెంచండి."

పరాంకుశం గారు పెంచారు.